మామ వేయించిన రెండు పట్టీలు

మా అనంతపురం ఇడ్లీ బండ్ల వాళ్ల మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉంది. చట్నీని పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి, మూతికి దారం చుడతారు. ఒక చుట్టో రెండు చుట్లో అయితే మనిషి ఓర్చుకుంటాడు. వీళ్లు దొంగను స్తంభానికి కట్టేసినట్టు చుడతారు. కొస ఎక్కడుందో చుట్టినవాడికీ తెలియదు. పంటితో కొరికితే చట్నీ చొక్కా మీదికొస్తుంది. కొరక్కపోతే ఇడ్లీ ఒట్టిదే మింగాలి. పదేళ్లుగా మూడో దారి వెతుకుతున్నాను.

ఆ మే నెల పొద్దున బస్టాండు ముందు కారులో కూర్చుని ఆ పనిలోనే ఉన్నాను. చొక్కా మీద మరక తుడుచుకుని తలెత్తేసరికి నా భార్య సుజాత కదిరి బస్సుకు చేయెత్తుతోంది.

కారున్న ఇంటి ఆడమనిషి బస్సెందుకు ఎక్కుతుందంటే, కారు అలాంటిది. సుజాత ముదిగుబ్బ ఆసుపత్రిలో నర్సు. నేను అదే ఊళ్లో జూనియర్ కాలేజీ లెక్చరర్ని. ఇద్దరమూ రోజూ అనంతపురం నుంచి కలిసి వెళ్లేవాళ్లం. మూడు నెలల కింద బత్తలపల్లె దాటాక ఎదురుగా గడ్డి లారీ ఒకటి దూసుకుపోయింది. ఆ గాలికి మా కారు వెనక భాగం ఒకసారి కుడికీ, ఒకసారి ఎడమకీ ఊగి, కల్వర్టు గోడకు జానెడు దూరంలో ఆగింది. సుజాత కేక వేయలేదు. ఒళ్లోంచి జారిన టిఫిన్ డబ్బా తీసుకుని, దిగి, నడిచిపోయి, వెనక వస్తున్న బస్సాపి ఎక్కింది. ఆనాటి నుంచి ఆమె బస్సులో, నేను ఆ బస్సు వెనక కారులో. ఊళ్లో నలభై దాటను గనక బస్టాండు దాకా మాత్రం దయతలిచి ఎక్కుతుంది.

కాలేజీకి ఎండాకాలం సెలవులిచ్చారు. మూడు రోజులు తిరిగైనా సరే కారును రోడ్డు మీద నిలబెట్టుకుని వస్తానని బయల్దేరాను. ఆ మాటే బస్సు మెట్టు మీదున్న సుజాతతో అన్నాను.

"పట్టీలు తీయిస్తావా?" అంది.

"మీ నాయన వేయించినవి కదా..."

"ఆయనకు చెప్పినావా?"

"చెప్తాలే."

"అయితే చెప్పినంక ఎక్కుతాలే," అంది. బస్సు కదిలింది. కండక్టరు నన్ను చూసి నవ్వాడు. మూడు నెలల్లో ఆ మనిషికి మా సంసారం మొత్తం తెలిసిపోయింది.

పట్టీల సంగతి చెప్పాలి. మాది పాత సెకండ్ హ్యాండు కారు. వెనక చక్రాల మీద లారీకున్నట్టే కమాను కట్ట ఉంటుంది: ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీలు. కంబదూరులో ఉండే మా మామ ఓబులేసు కిందటి ఏడాది విత్తనాలేసే కాలంలో కారడిగి తీసుకుపోయి, కళ్యాణదుర్గం నుంచి ఆరు మూటల వేరుశనగ విత్తనం వేసుకొచ్చాడు. కారు వెనక భాగం నేలకు కుంగింది. ఊళ్లో ఎవరో "ఓబులేసూ, అల్లుని కారు గొర్రె పండుకున్నట్ల పండుకుండాదే" అన్నారట. ఒకసారి సర్పంచిగా నిలబడి ఓడిపోయిన మనిషి. అంతకంటే అవమానం పడలేడు. మర్నాడే కళ్యాణదుర్గంలో రెండు లారీ పట్టీలు కోయించి కట్టలో బిగింపించాడు. బానెట్ మీద నిమ్మకాయ పెట్టించి, తోక గాల్లోకి లేచిన కారును నాకప్పగించి, "ఇంగ తలెత్తుకొని పోవచ్చులే అల్లుడా" అన్నాడు. తలెత్తింది తోక. తల వంచుకుంది.

ఆరు మూటలుంటే అది బ్రహ్మాండమైన కారే. మేమిద్దరమూ కలిపి రెండు మూటల బరువు కూడా ఉండం. ఖాళీ కారు గట్టి పట్టీల మీద బంతిలా ఎగురుతుంది. ఎగిరే చక్రం రోడ్డును పట్టుకోదు. ఇది కనుక్కోవడానికి ఫిజిక్సు చెప్పే లెక్చరరు అక్కర్లేదు. దురదృష్టం, నేను చెప్పేది అదే. మొదటి వారంలోనే నాకు అర్థమైంది. కానీ మా వైపు మామ చేయించింది అల్లుడు ఊడబీకాడంటే, ఆ ఇంటి అన్నం కక్కినట్టు లెక్క. అందుకని పట్టీలు ఉన్నచోటే ఉండాలి, కారు మాత్రం నిలకడగా పోవాలి. ఈ షరతు జేబులో పెట్టుకుని బయల్దేరాను.

బత్తలపల్లె

బత్తలపల్లెలో ఉగ్గాని, బజ్జి ఆరు రూపాయలు. బొరుగులు సరిగ్గా నానాయి, బజ్జిలో మిరపకాయకు పౌరుషం ఉంది. ఆ రోజు మొత్తంలో చేయాల్సిన పని చేయాల్సినట్టు చేసినవాడు ఆ హోటలు మనిషొక్కడే.

పక్కనే మెకానిక్కు శీనయ్య షెడ్డు. మా జిల్లాలో బండి చూసినందుకు దుడ్లు తీసుకోరు. అందుకని ఎవరూ చూడరు. శీనయ్య కూడా నేను చెబుతున్నంతసేపూ రోడ్డు మీద పోయే ట్రాక్టర్లనే చూశాడు.

"టైర్లు లావువి ఏయించుకో అన్నా. గాలి రాయి మాదిరి కొట్టించు. స్ప్రింగుల మధ్య రబ్బరు దిమ్మలు పెడతా. ఇంగ నీ బండి ఏనుగే."

"ఇప్పటికే రాయిలా ఉంది శీనయ్యా. ఇంకా గట్టి చేస్తే ఇంకా ఎగురుతుంది కదా."

అప్పుడు వంగి కింద చూశాడు. "ఓర్నీ! లారీ పట్టీలు ఏంటికి ఏయించినావు? పీకేస్తే సరి."

"మా మామ వేయించాడు."

శీనయ్య రెంచి కింద పెట్టేశాడు. శవాన్ని చూసిన మనిషిలా ముఖం పెట్టి, "మామ ఏయించినాడా? అయితే ముట్టుకోకూడదులేన్నా," అన్నాడు.

ఇది వినండి. పొద్దుటి నుంచి ఇనుముకు సంబంధించిన సత్యం ఒక్కటి చెప్పాడు, అరనిమిషంలో వెనక్కి తీసుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. అతని మీద మండితే సుఖంగా ఉండేది. కానీ నేను ఏడాదిగా చేస్తున్నదీ అదే.

శీనయ్య ఇంకో ఉపాయం చెప్పాడు. "బరువు లేకనే కదా ఎగురుతాండేది. బరువు పెడితే పాయె." ఎదురుగా కడుతున్న ఇంటి ముందు తాడిపత్రి నల్లబండలు పేర్చి ఉన్నాయి. మేస్త్రీని అడిగి రెండు తెచ్చి డిక్కీలో పడుకోబెట్టాడు. మా జిల్లాలో బండ వేయని చోటు లేదు: ఇంటికి, గడపకి, వాకిలికి, సమాధికి. కారుకు వేయడం మాత్రం అప్పుడే చూశాను. పాతిక రూపాయలిచ్చి బయల్దేరాను. ఒప్పుకోవాలి, పది కిలోమీటర్లు కారు బుద్ధిగా పోయింది.

ముదిగుబ్బ

ముదిగుబ్బ ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా ఒక గొర్రెల మంద రోడ్డెక్కింది. మా వైపు గొర్రెలు హారనుకు తప్పుకోవు, వాటికి మనకంటే తీరిక ఎక్కువ. గట్టిగా బ్రేకు తొక్కాను. కారు ఆగింది. బండలు ఆగలేదు. వెనక సీటును చీల్చుకుని వచ్చి, నా సీటు వీపును గుద్ది, అక్కడ విశ్రమించాయి. నా నడుముకూ బండకూ మధ్య రెండంగుళాల దూది మిగిలింది.

గొర్రెలాయన అద్దంలోంచి తొంగిచూసి, బండల్ని చూసి, నన్ను చూసి, "ఇల్లు కట్టుకుంటాండావా సామీ?" అన్నాడు.

బండలు రెండూ రోడ్డు పక్కన దించేసి ఊళ్లోకి వెళ్లాను. సుజాత పనిచేసే ఆసుపత్రి ముందునుంచే దారి. వరండాలో మందుల ట్రే పట్టుకుని నడుస్తూ కనిపించింది. ఆపలేదు. ఆపితే "ఏమైంది?" అంటుంది. బండల కథ చెప్పుకునే ధైర్యం లేక, మెల్లగా, సైకిలువాడు కూడా దాటిపోయేంత మెల్లగా పోయాను.

ఊరి చివర లారీ కమాన్లు కొట్టే కొలిమి ఉంది. రామాంజి అని అరవై దాటిన మనిషి. విరిగిన పట్టీని ఎర్రగా కాల్చి, సమ్మెటతో వంపు తెచ్చి, నూనె తొట్టిలో ముంచుతాడు. అది చేసే 'చుయ్' శబ్దం కన్నా పెద్దగా మాట్లాడడు. మోకాళ్ల మీద వంగి రెండు క్షణాలు కింద చూశాడు.

"రెండు తీసేయల్ల. అరగంట పని."

"తీయకుండా ఏమన్నా..."

"తీయకుండానా?"

"మా మామ వేయించినవి."

"రోజూ ఈ బండి మీ మామ తోల్తాడా?"

"లేదు."

"పట్టీలు నడుపుతాండాయా నువ్వు నడుపుతాండావా?"

నేను చొక్కా మీది మరకను గోటితో గీరుకున్నాను.

"తీయొద్దంటే ఈడికెందుకు వచ్చినావప్పా? ఎండగా ఉండాదనా?" అని మళ్లీ సమ్మెట అందుకున్నాడు.

నలుగురు లారీ డ్రైవర్లు నవ్వారు. కోపం వచ్చింది. కొలిమి వేడిమి కంటే ఎక్కువే వచ్చిందనుకుంటాను. ముసలాయన కాస్త కరుణించి, "షాకబ్జర్లు కూడా సచ్చినాయి నీవి. బెంగుళూరులో ఖాదర్ సాబు అని ఉండాడు, పాత కార్లవి మంచివి పెడతాడు, నా పేరు చెప్పు" అన్నాడు. చూసినందుకు ఎంత అని అడిగితే, నా చొక్కా మీది చట్నీ మరక చూసి వద్దన్నాడు.

కదిరి

ఆ రాత్రి కదిరి లాడ్జిలో గది ఎనభై రూపాయలు. ఫ్యానుకు మూడు రెక్కలూ మూడు అభిప్రాయాలు. సంగటి, ఊరిబిండి పచ్చడి మాత్రం ఇంట్లో తిన్నట్టే ఉన్నాయి. ముద్ద ముంచుకుంటూ, షాకబ్జర్లు మారిస్తే చాలు, పట్టీల జోలికి పోనక్కర్లేదు అని నన్ను నేను నమ్మించుకున్నాను. చదువుకున్న మనిషికి తనను తాను మోసం చేసుకోవడం తేలిక, మాటలు చేతిలో ఉంటాయి.

బెంగుళూరు

హిందూపురం మీదుగా బెంగుళూరు చేరేదాకా ఎనభై దాటిస్తే కారు తోక మళ్లీ ఊపింది. దాటించకపోతే వెనకవాళ్లు మా అమ్మానాన్నల్ని తలుచుకున్నారు. మధ్యాహ్నానికి ఖాదర్ సాబు షెడ్డు దొరికింది. తెల్ల గడ్డం, మడత నలగని చొక్కా. హిందూపురం వైపు మనిషి, తెలుగు మనదే.

"చూడటానికి ఇరవై రూపాయలు," అన్నాడు ముందే. మా జిల్లా మనిషికి ఇది మర్యాద తక్కువ మాట. అయినా ఇచ్చాను. ఇచ్చినందుకు చూశాడు. కారు నాలుగు మూలలా అరచేత్తో నొక్కి వదిలాడు. మంచి షాకబ్జరైతే ఒకసారి లేచి నిలబడాలట. మాది వెనక మూల మీద ఉయ్యాలలో పిల్లలా ఊగుతూనే ఉంది. కింద దూరి, రబ్బరు బుష్షులు వేలితో గీరితే పొడి రాలింది. చక్రాల మధ్య దారం పట్టి కొలిచాడు.

"షాకబ్జర్లు నాలుగూ మార్చల్ల, బుష్షులు మార్చల్ల, అలైన్‌మెంటు చేయించల్ల. ఆ లారీ పట్టీలు రెండూ తీయల్ల."

"పట్టీలు తప్ప మిగతావి చెయ్యండి."

"చేయను."

"డబ్బులిస్తాను కదా."

"దుడ్లు తీస్కొని చెడ్డ పని చేసేదానికి ఇంకా శానామంది ఉండారు. ఈ లైనంతా వాళ్లే." చేత్తో వీధి చూపించాడు. "ఎందుకు తీయొద్దంటావు?"

మామ సంగతి మూడోసారి చెప్పాను. విని, తాళాలడిగాడు. "నువ్వు ఎడమపక్క కూచో. నేను తోల్తా."

రింగురోడ్డెక్కి డెబ్బై, ఎనభై మీద పోనిచ్చాడు. నా కారులో ఆ పక్క సీట్లో కూర్చోవడం నాకది మొదటిసారి. పట్టుకోవడానికి స్టీరింగు లేదు. తొక్కడానికి బ్రేకు లేదు. ఒక టాంకరు మమ్మల్ని దాటిపోయింది. అంతే, వెనకనుంచి ఎవరో కాలు పట్టి లాగినట్టు కారు పక్కకు జరిగింది. డివైడరు నా కిటికీ వైపు కాదు, అయినా నా వైపే వస్తున్నట్టు అనిపించింది. చేతులు ఏం చేయాలో తెలియక ఒళ్లో ఉన్న నా బట్టల సంచీని నొక్కి పట్టుకున్నాను. రెండోసారి ఒక లారీ వచ్చింది. "ఆపండి" అన్నాను.

ఖాదర్ సాబు ఆపాడు. "ఈ సీట్లో ఎవరు కూచుంటారు?"

"నా భార్య."

"ఎన్నాళ్లు కూచునింది?"

పట్టీలు వేసినప్పటి నుంచి గడ్డి లారీ వచ్చినదాకా ఎనిమిది నెలలు. రోజుకు రెండుసార్లు. రోడ్డు బాగాలేదనీ, గాలి ఎక్కువనీ, నువ్వే భయపడుతున్నావనీ నేను చెబుతూ ఉంటే, టిఫిన్ డబ్బాను ఇలాగే పట్టుకుని కూర్చునేది. నిన్నటి నుంచి శీనయ్య మీద, గొర్రెల మీద, లారీల మీద, రోడ్డు వేసిన కాంట్రాక్టరు మీద, మా మామ మీద పడ్డ కోపమంతా చిరునామా తప్పి తిరిగొచ్చిన ఉత్తరంలా నా చేతికే వచ్చింది.

"తీసేయండి," అన్నాను.

సాయంత్రానికి పని అయింది. తీసిన రెండు పట్టీలూ గోనెసంచిలో చుట్టి డిక్కీలో పెట్టించుకున్నాను. ఎస్టీడీ బూతు నుంచి ఇంటికి ఫోన్ చేశాను.

"తీయించేసినా."

సుజాత వెంటనే అడిగింది: "నాయనకు చెప్పినావా?"

"పొద్దున పావగడ మీదుగా మీ ఊరికే పోతున్నా. నువ్వొకసారి ముందుగా ఆయనకు..."

"నేనెందుకు చెప్తా? ఏడాది తీయకుండా పెట్టుకునింది నువ్వు," అని పెట్టేసింది. మీటరు రెండు రూపాయల అరవై పైసలు చూపించింది. అంత తక్కువలో అంత పెద్ద చివాట్లు నేనెప్పుడూ కొనలేదు.

పావగడ దారి

బెంగుళూరు వదిలి హైవే మీద తొంభై దాటించాను. ఎదురుగా లారీ వచ్చింది. దాటిపోయింది. కారు కదల్లేదు. ఇంకో లారీ వచ్చింది, పక్కనే బస్సొచ్చింది. స్టీరింగు మీద ఒక్క వేలుంచినా నిలబడేటట్టుంది. సంతోషించాలి. నాకు మాత్రం ఏడుపొచ్చేంత కోపమొచ్చింది. అర పూట పని ఇది. ముదిగుబ్బలో అయితే అరగంట. దీనికోసం ఏడాది తిరిగాను.

పావగడలో ఇడ్లీలకు చట్నీ గిన్నెలో పోసి ఇచ్చారు. కర్ణాటకలో ఈ ఒక్క విషయంలో మనకంటే నాగరికత ఎక్కువ. అక్కడి నుంచి రెండు పక్కలా ఎర్రనేల, బీళ్లు, కంపచెట్లు. దున్ని పెట్టుకున్న చేలు వాన కోసం నోరు తెరుచుకుని ఉన్నాయి. మేఘం లేదు. మామకు చెప్పాల్సిన మాటలు కూర్చుకుంటూ పోయాను. 'మామా, షాకబ్జర్లు మార్చేటప్పుడు మెకానిక్కు పొరపాటున తీసేశాడు' అన్నది అన్నిటికంటే బాగా కుదిరింది. ఊరు కనిపించేసరికి దాన్ని కూడా వదిలేశాను.

కంబదూరు

మామ అరుగు మీద కూర్చుని విత్తనపు కాయలు వలుస్తున్నాడు. కారు ఆగక ముందే చూపు వెనక చక్రాల మీదికి పోయింది.

"ఏమప్పా అల్లుడా, రా రా. బిడ్డ రాలేదా?" అంటూనే లేచాడు. "తోక దిగిందే?"

నీళ్లిచ్చారు. తాగలేదు. తాగితే కూర్చోవాలి, కూర్చుంటే ఇంకో ఏడాది పడుతుంది. డిక్కీ తెరిచి గోనెసంచి తీసి అరుగు మీద పెట్టి విప్పాను.

"నువ్వు వేయించిన పట్టీలు మామా. తీయించేశాను. ఖాళీగా పోతే కారు ఊగుతోంది. సుజాత ఉన్నప్పుడు బత్తలపల్లె దగ్గర కల్వర్టుకు గుద్దబోయింది."

ఆయన పట్టీల వైపు చూడలేదు. "బిడ్డకేమైంది?"

"ఏం కాలేదు. మూడు నెలల నుంచి బస్సులో పోతోంది."

"మూడు నెల్లా? నాకెవురూ చెప్పలేదే."

"నువ్వు బాధపడతావని..."

మామ కారు వెనక్కి నడిచాడు. అరచేత్తో డిక్కీని నొక్కి వదిలాడు. ఒకసారి లేచి నిలబడింది. ఇంకోసారి నొక్కాడు. మళ్లీ అంతే.

"ఇది ఊగుతాదని నీకి ఎప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పడానికి చాలా వీలుగా అడిగాడు. ఎందుకో చెప్పలేకపోయాను. "నువ్వు కారిచ్చిన వారంలోనే మామా."

"తెలిసినంక నా బిడ్డను దాంట్లో తిప్పినావు."

"నువ్వు చేయించింది తీస్తే నీకు మర్యాద తక్కువని..."

ఆయన చేతికంటిన వేరుశనగ పొట్టు దులుపుకున్నాడు. పట్టీల్లో ఒకటెత్తి, బరువు చూసి, దిబ్బ మీదికి విసిరేశాడు. రాళ్ల మీద పడి గంటలా మోగింది. తర్వాత నా వైపు తిరిగాడు.

"నా ఇనుముకు ఇచ్చిన మర్యాద, నా బిడ్డ పానానికి ఇయ్యలేదేమప్పా నువ్వు?"